కుడిచెయ్యి చాచిన ఆదివారం

పోయినవారం శౌరమ్మ, మూడేళ్ళ తర్వాత, వెదుళ్ళపాలెం మందిరం మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. లోపల ఆమోసును తిరిగి సంఘంలో చేర్చుకునే ఆరాధన జరుగుతోంది. ఆమె కొడుకు బెన్నీని కొట్టి చంపినవాడు ఆమోసు. కొట్టాడని చల్లపల్లి దాకా అందరికీ తెలుసు. చూశానని చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు. వెలిపెట్టినవాణ్ణి మళ్ళీ చేర్చుకునేటప్పుడు సభ్యుల్లో ఒక్కరు వద్దన్నా ఆ పని ఆగిపోవాలన్నది ఆ సంఘం కట్టుబాటు. ఆ ఒక్కరూ ఇల్లు కదిలి రారని పెద్దలు ధీమాగా ఉన్నారు.

గొడవ దేనిమీద మొదలైందో చెబితే బయటివాళ్ళు నమ్మరు. మంచి శుక్రవారం నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు నిలబడి ప్రసంగించడం ఆనవాయితీ. మొదటిమాట, అంటే తనకు మేకులు కొట్టినవాళ్ళను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట, తాతల నాటి నుంచీ మరియదాసు ఇంటిది. మూడేళ్ళ కిందట సంఘం రెండు ముక్కలైంది. తలుపుకు రెండు వర్గాలవీ రెండు తాళాలు పడ్డాయి. ఆ ఏడు కమిటీలో పైచేయి అయినవాళ్ళు మొదటిమాటను మరియదాసు ఇంటినుంచి తప్పించి, లాజరు కొడుకు బెన్నీకి ఇచ్చారు. క్షమాపణ గురించి ఎవరు మాట్లాడాలన్న దానిమీద కొట్టుకున్నారు. మరియదాసు కొడుకు ఆమోసు చేతిలోని మైకుస్టాండు బెన్నీ కణతకు తగిలింది. మర్నాడు మధ్యాహ్నం విజయవాడ ఆస్పత్రిలో ఆ పిల్లాడి ఊపిరి ఆగిపోయింది. ఇరవైనాలుగేళ్ళు. ఈస్టరుకని కుట్టించిన చొక్కా గుండీలు ఇంకా కుట్టనే లేదు.

శౌరమ్మ లోపల అడుగుపెట్టేసరికి కీర్తన నడుస్తోంది. ముందు తబలా ఆగింది. తర్వాత గొంతులు ఒక్కొక్కటే జారిపోయాయి. కళ్ళు మూసుకుని పాడే ముసలి రాహేలమ్మ ఒక్కతే మిగిలింది. చరణం పూర్తిచేసి, నిశ్శబ్దానికి ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "ఏంటర్రా, ప్రభువు గానీ దిగొచ్చాడా?" అంది.

ఎవరూ నవ్వలేదు.

అది బల్ల ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చున్నారు. చెరువు మీద కొంగలు వాలినట్టున్న ఆ తెలుపు మధ్యలోకి శౌరమ్మ నేరేడుపండు రంగు చీరతో నడిచి వచ్చింది. బల్ల ముట్టుకునే ఉద్దేశం లేదని ఆ రంగే చెబుతోంది.

"ఇట్రా, ఫ్యాను కింద కూచో" అని రాహేలమ్మ చాప మీద జరిగింది. "మూడేళ్ళు నీ చోట ఎవత్తినీ కూచోనీలా నేను."

శౌరమ్మ కూర్చుంది. రాహేలమ్మ ఆమె చెవి దగ్గరికి వంగింది.

"గొడవ చెయ్యమాకే తల్లీ."

"గొడవకి రాలేదత్తా."

"మరి?"

"వినటానికొచ్చా."

బల్లకు కుడిపక్కన పెద్దలు నలుగురు నిలబడి ఉన్నారు. మొదటివాడు మరియదాసు. ఆఖరివాడు శౌరమ్మ మొగుడు లాజరు. కాలవ లాకుల దగ్గర ముప్ఫై ఏళ్ళు లస్కరుగా పనిచేసి, షట్టర్లు ఎత్తీ దించీ భుజాలు వంగిపోయిన మనిషి. రొట్టె పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "నువ్వు రామాకులే శౌరీ, నీ గుండె తట్టుకోదు" అని మెల్లగా చెప్పి వచ్చాడు. ఇప్పుడామెను చూసి తల దించుకున్నాడు.

ఆమోసు బల్ల ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. చేపల లారీలకు ఐసు పెట్టెలెత్తే ఒళ్ళు. ఒకప్పుడు రెండు పెట్టెలు ఒక్క భుజాన వేసుకుని పరిగెత్తేవాడు. మూడు నెలలు జైల్లో, మిగతా రోజులు బెయిలు మీద గడిపి ఎండుచేపలా మిగిలాడు. వాడి పెళ్ళాం స్టెల్లా ఏడు నెలల బిడ్డను ఒళ్ళో వేసుకుని ఆడవాళ్ళ వరసలో చివరన కూర్చుంది.

పాస్టరు రత్నాకరం అయ్యగారు ఆ ఊరికి వచ్చి ఏడాదే. కుర్రవాడు, మెత్తనివాడు. బెన్నీ మెట్లమీద జారిపడ్డాడని, తోపులాటలో ఆమోసు పక్కన ఉన్నాడని, తల్లి దుఃఖంలో వాడి పేరు చెప్పి కేసు పెట్టిందని, కేసు పడింది గనకే వాణ్ణి వెలిపెట్టామని పెద్దలు ఆయనకు చెప్పి ఉంచారు. ఆయన నమ్మాడో లేదో గానీ నలుగురిని మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టాలన్న ఆశ మాత్రం ఆయనకు నిజంగా ఉంది.

"ఆమోసూ, సంఘం ముందు నీ మాట చెప్పు నాయనా" అన్నాడు.

ఆమోసు జేబులోంచి కాగితం తీశాడు. మడతలు విప్పి, పెద్దలు రాసిచ్చిన అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. "తెలిసీ తెలియక నావలన జరిగిన తప్పిదముల నిమిత్తము, సంఘమునకు కలిగిన నొప్పి నిమిత్తము నేను విచారపడుచున్నాను. నన్ను మరల సహవాసములోనికి..."

చదవడం అయ్యాక అయ్యగారు సంఘం వైపు తిరిగాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఎవరూ పలకలేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది.

"రెండోసారి అడుగుతున్నాను. అభ్యంతరం ఉందా?"

మరియదాసు గొంతు సవరించుకున్నాడు. ఇక చేతుల వరస మొదలవ్వాలి. చేర్చుకున్నవాడు బల్ల పక్కన నిలబడతాడు, వాడి వెనకే పెద్దలు. సభ్యులంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాడికీ, పెద్దలకూ కుడిచేతులు కలిపి పోవాలి. సహవాసపు కుడిచెయ్యి అంటారు దాన్ని. చేతులన్నీ కలిశాకే రొట్టె విరుస్తారు.

"మూడోసారి..."

శౌరమ్మ లేచింది.

ఒక్కసారిగా మగవాళ్ళ వైపు నుంచి గుసగుస. మరియదాసు ముఖం మాడింది. గోడ పక్కన ఫోను నిలబెట్టి యూట్యూబులో ఆరాధన చూపిస్తున్న సింధూరి వైపు చెయ్యి ఊపి, "అమ్మాయ్, ఆ లైవ్ కట్టెయ్" అన్నాడు.

"ఫోను వేడెక్కిందండీ పెదనాన్నా, ఆగట్లేదు" అంది సింధూరి, ఫోను ముట్టుకోకుండానే.

అయ్యగారు రెండడుగులు ముందుకు వచ్చాడు. "శౌరమ్మగారూ, మీరు రావడమే దేవుడు చేసిన కార్యమమ్మా. మీకు అభ్యంతరం ఉంటే..."

"అభ్యంతరం చెప్పటానికి రాలేదయ్యగారూ. ఒక మాట అడగటానికొచ్చా. అడగొచ్చా?"

"అడగండమ్మా."

ఆమె ఆమోసు వైపు తిరిగింది. "ఆ కాగితం ఎవరు రాశార్రా?"

ఆమోసు చూపు పెద్దల వైపు పోయింది.

"తప్పిదాలంట. ఎన్ని తప్పిదాలు? ఎవరి గిత్తనన్నా తోలుకుపోయావా? కానుకల పెట్టె పగలగొట్టావా? దానికి పేరు లేదా?"

"శౌరమ్మా" అన్నాడు మరియదాసు, "మందిరంలో నిలబడి మాట్లాడే పద్ధతేనా అది?"

"మీ అబ్బాయితో మాట్లాడుతున్నా బావగారూ. మీతో మాట్లాడేటప్పుడు పద్ధతిగానే మాట్లాడతాలెండి."

శౌరమ్మ పుట్టింది గుణదలలో. కొండ మీది కతోలిక గుడి కింద కొవ్వొత్తులమ్ముకునే ఇంటి పిల్ల. ఈ సంఘంలోకి కోడలిగా వచ్చాక మళ్ళీ కాలవలో బాప్తిస్మం తీసుకుంది గానీ చిన్నప్పటి అలవాట్లు నీళ్ళలో ముంచితే పోయేవి కావు. గుణదలలో పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి చెక్కజల్లెడ పక్కన మోకరిస్తే, లోపలున్న ముసలి ఫాదరు గారు ‘ఏం చేశావు, ఎవరికి చేశావు, ఎన్నిసార్లు చేశావు’ అని మూడు ముక్కలు అడిగేవాడు. ‘ఏదో తెలియక ఫాదర్’ అంటే, ‘తెలుసుకుని రా తల్లీ’ అని పంపేసేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు చెల్లెలి గాజులు పగలగొట్టిన సంగతి చెప్పడానికి రెండు శనివారాలు తిరిగింది ఆమె.

"నా కొడుకు పేరు చెప్పు" అంది.

ఆమోసు పెదవులు కదిలాయి.

"వినపడలా."

"బెన్నీ" అన్నాడు.

ఆ రెండక్షరాలకు మందిరంలో ఎవరో వెక్కారు. మూడేళ్ళుగా ఆ గోడల మధ్య ఆ పేరు ఎవరూ పలకలేదు. ప్రార్థనల్లో ‘ఆ బిడ్డ’ అన్నారు, మీటింగుల్లో ‘ఆ సంఘటన’ అన్నారు.

"బెన్నీకి ఏం చేశావు?"

"ఆమోసూ!" మరియదాసు గొంతు కొరడాలా తగిలింది. "మంగళారం వాయిదా. లాయరుగారు ఏం చెప్పారో గుర్తుందా నీకు?"

ఆమోసు తండ్రి వంక చూశాడు. వరస చివరనున్న స్టెల్లా వంక చూశాడు. ఆ పిల్ల బిడ్డను రొమ్ముకు హత్తుకుని, తల ఊపింది. ఊ అన్నట్టో, ఊహూ అన్నట్టో చూసినవాళ్ళకు తెలియలేదు. వాడికి తెలిసింది. కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు.

"కొట్టా పిన్నీ" అన్నాడు. "నేనే కొట్టా. ఆ రోజు వాడు మైకు దగ్గరికొచ్చాడు. ఈ మాట మా ఇంటిది, నువ్వు దిగు అన్నా. మీ ఇంటిదేంటి, ప్రభువుది అన్నాడు. అందరూ లేచారు. బయటికి తోసుకుంటా మెట్ల మీదికి పోయాం. స్టాండు వాడి..." ఆగాడు. ఎక్కడో దారి తప్పినవాడిలా కాసేపు బల్ల మీది తెల్లగుడ్డను చూశాడు. "స్టాండు నా చేతిలోకొచ్చింది. ఒక్కటే కొట్టా. ఇక్కడ. కిందపడ్డాక వాడు నా మొహంలోకి చూశాడు. కోపంగా చూడలా. క్రికెట్లో అవుటైతే చూస్తాడే, అట్టా. ‘ఏంటన్నా ఇది’ అన్నాడు. ఆ మాట ఇంకా అంటానే ఉన్నాడు పిన్నీ. ఐసు పెట్టెలెత్తుతుంటే అంటాడు. పాపకి స్నానం పోస్తుంటే అంటాడు."

శౌరమ్మ పక్కనున్న స్తంభం పట్టుకుంది. మూడేళ్ళుగా ఈ మాటల కోసం పోలీస్టేషను మెట్లు, బందరు కోర్టు మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. పదిమంది సాక్షులు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి ‘నేను చూళ్ళేదండీ’ అని దిగిపోయారు. వాళ్ళలో ఆరుగురు బెన్నీ చేత మినపసున్ని ఉండలు తెప్పించుకుని తిన్నవాళ్ళే. ఇప్పుడు ఆ మాటలు చెవిన పడితే ఊరట కలుగుతుందనుకుంది. ఊరట కాదు గదా, కొడుకు మళ్ళీ ఆ మెట్ల మీద పడినట్టే ఉంది.

"ఇదంతా జడ్జీగారికి ఎందుకు చెప్పలేదురా?"

"చెబుదామనే అనుకున్నా. పూడ్చిన రోజే. బట్టలు సంచీలో పెట్టుకుని స్టేషనుకి బయల్దేరా. పెద్దలు పిలిపించారు. ఇక్కడే, ఈ పక్కగదిలో. రెండు వర్గాలోళ్ళూ కూచున్నారు."

"చాల్లే, ఊరుకో" అని మరియదాసు కొడుకు ముందుకు వచ్చి నిలబడ్డాడు. వయసు డెబ్బై. కంచుగొంతు. మొదటిమాట మీద నలభై ఏళ్ళు ప్రసంగించిన మనిషి. "నేను చెబుతా శౌరమ్మా. మేం దొంగపని చెయ్యలేదు. వాక్యానికి లోబడ్డాం. విశ్వాసులు విశ్వాసుల మీద కోర్టుకెక్కి లోకం ముందు నవ్వులపాలు కాకూడదని వాక్యంలో ఉందా లేదా? కేసు నిలబడితే రెండువైపులా పదకొండు మంది పిల్లలు లోపలికి పోయేవాళ్ళు. మందిరానికి సీలు పడేది. ఆ రోజు ప్రార్థన చేసి, ఏడ్చి, ఒకర్నొకరు కౌగిలించుకుని రెండు తాళాల్లో ఒకటి తీసి కాలవలో పారేశాం. ఎవరూ ఏమీ చూళ్ళేదని ఒక్కమాట మీద నిలబడ్డాం. ఇవ్వాళ ఇంతమందీ ఒక కప్పు కింద కూచున్నారంటే ఆ సమాధానం, ఆ శాంతి వల్లే."

"బాగానే ఉంది బావగారూ" అంది శౌరమ్మ. గొంతు పెరగలేదు. "మీరూ మీరూ కౌగిలించుకున్నారు. నన్ను పిలవలేదే?"

మరియదాసు లాజరు వంక చూశాడు.

"కొట్టుకుంది మీరు. కలిసింది మీరు. మధ్యలో పోయింది నా కొడుకు. అన్యాయమైనా ఓర్చుకోమని వాక్యంలో ఉందనుకోండి, ఓర్చుకుంటారా అని అడగాల్సింది నన్ను గదా? నా వంతు ఓర్పు మీరెట్టా ఓర్చుకుంటారు? నేను చెయ్యాల్సిన క్షమాపణ కమిటీ పెట్టుకుని మీరెట్టా చేసేస్తారు?"

ఆడవాళ్ళ వరసలో రాహేలమ్మ "స్తోత్రం" అని గొణిగింది. అలవాటుగా అందో, కావాలని అందో.

రత్నాకరం అయ్యగారు బల్లమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఏడాదిగా తను ఏ ఐక్యత గురించి దేవుడికి కృతజ్ఞతలు చెబుతున్నాడో అది దేనిమీద కట్టారో ఇప్పుడే చూస్తున్నాడు. "మరియదాసుగారూ" అన్నాడు చివరికి, "ఇది నాతో చెప్పి ఉండాల్సింది."

శౌరమ్మ ఆయన మాట వినలేదు. ఆమె చూపు ఆమోసు మీదనే ఉంది. "స్టేషనుకి పోతుంటే నిన్నాపిందెవరు? మీ నాన్నా?"

"కాదు పిన్నీ. నాన్న నన్నాపలేదు. పొమ్మనే అన్నాడు. చేసినోడివి పో అన్నాడు."

"మరి?"

ఆమోసు బల్లగుడ్డ అంచు వేళ్ళతో సర్దాడు.

"అడుగుతున్నా. ఎవరు?"

"నేను."

గొంతు వరస చివరినుంచి వచ్చింది. లాజరు. రొట్టె పళ్ళెం ఇంకా చేతుల్లోనే ఉంది.

శౌరమ్మకు ముందు అర్థం కాలేదు. మొగుడు తన తరఫున ఏదో చెప్పబోతున్నాడనుకుంది. "నువ్వుండయ్యా" అని కూడా అంది. తర్వాత ఆయన ముఖం చూసింది.

"ఆ రోజు నేను లాకుల దగ్గర లేను శౌరీ" అన్నాడు లాజరు. "నీకబద్ధం చెప్పా. మెట్ల కిందనే ఉన్నా. చూశా. ఆమోసు సంచీ పట్టుకుని పోతుంటే దోవకడ్డం నిలబడ్డా. నా బిడ్డ పోయాడు, సంఘమన్నా మిగలనీరా అన్నా. వీళ్ళందరి చేతా ఒప్పించింది నేనే. బిడ్డని పోగొట్టుకున్నోడే అడిగితే ఎవరు కాదంటారు?"

నూటపాతిక మంది ఉన్న మందిరంలో, కాలవ అవతల ఎవరో బోరు ఇంజను తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

మూడేళ్ళు. ప్రతి వాయిదాకీ టిఫిను డబ్బా కట్టి, బస్సెక్కించి, ‘జాగర్త’ అని చెప్పినవాడు. ఆమె సాయంత్రం తిరిగొచ్చి ‘ఇవాళ కూడా చూళ్ళేదనే చెప్పారయ్యా’ అని గుమ్మంలో కూలబడితే, కాళ్ళకు కొబ్బరినూనె రాసినవాడు. ‘నువ్వన్నా ఆ రోజు అక్కడ ఉంటే ఎంత బాగుండేదయ్యా’ అని ఎన్నిసార్లు అందో. అన్నప్పుడల్లా లేచి బయటికి పోయి, పశువు ఉన్నా లేకున్నా కొట్టం ఊడ్చేవాడు. దుఃఖమనుకుంది.

"శౌరమ్మగారూ" అన్నాడు అయ్యగారు మెల్లగా, "ఈ పూట బల్ల ఆపేద్దామమ్మా. అందరం ఇళ్ళకి పోదాం."

"వద్దయ్యగారూ. మూడోసారి అడగండి."

"అమ్మా?"

"అభ్యంతరం ఉందా అని మూడోసారి అడగలేదు మీరు. అడగండి."

ఆయన అడిగాడు. ఎవరూ పలకలేదు. శౌరమ్మా పలకలేదు. నడుచుకుంటూ బల్ల దగ్గరికి పోయింది. మినపచేలో కాయ కోసి కోసి మొరటుదేరిన కుడిచెయ్యి ఆమోసు ముందు చాచింది.

వాడు దానివంక కాల్చిన కడ్డీని చూసినట్టు చూశాడు.

"పట్టుకో" అంది. "ఇది క్షమాపణని ఎవరితోనూ చెప్పుకోమాక. అది నాకింకా రాలా. వస్తుందో రాదో నీ ప్రభువుకీ నా ప్రభువుకీ తెలుసు. నా కొడుకు పేరు నోటితో పలికావు, దానికి ఇస్తున్నా. మంగళారం అక్కడ కూడా ఇట్టాగే పలుకు."

"పలుకుతా పిన్నీ."

చేతులు కలిశాయి. వాడి అరచెయ్యి చెమటతో జారిపోతోంది. ఆమె గట్టిగా పట్టుకుని, రెండు క్షణాలు ఉంచి, వదిలేసింది. ఆడవాళ్ళ వరసలోంచి స్టెల్లా ఏడుపు పెద్దగా వినపడింది. ఆమె ఒళ్ళో బిడ్డ కూడా అందుకుంది.

శౌరమ్మ వరసలో ముందుకు జరిగింది. అయ్యగారికి చెయ్యిచ్చింది. మరియదాసు చెయ్యి చాచలేదు. ఆమే ఆగి, ఆ ముసలి చేతిని పక్కనుంచి అందుకుని తాకి వదిలింది. ‘చేసినోడివి పో’ అని కొడుకుతో అన్నవాడు. మిగతా ఇద్దరికీ ఇచ్చింది. వాళ్ళు ఆమె కాళ్ళవంక చూస్తూ ఇచ్చారు.

ఆఖరున లాజరు. పళ్ళేన్ని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ముందుకు పెట్టాడు. లాకుల ఇనుపచక్రం తిప్పి కాయలు కాసిన చెయ్యి. ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే మందిరంలో ఆమెకు ఉంగరం తొడిగిన చెయ్యి.

శౌరమ్మ చేతులు కట్టుకుంది.

"అయ్యగారూ" అంది, మొగుడి మొహం మీంచి చూపు తిప్పకుండా, "నాకు అభ్యంతరం ఉంది. ఆమోసు మీద కాదు. ఈయన మీద."

ఎవరో "అయ్యో" అన్నారు.

"శౌరీ..."

"వాడు కొట్టింది ఒక్క దెబ్బ. నువ్వు మూడేళ్ళు కొట్టావు. నా కాళ్ళకి నూనె రాస్తా కొట్టావు. వాడు బోనెక్కి కొట్టానని చెబుతాడు. నువ్వెక్కి చూశానని చెప్పు. ఆపానని చెప్పు. అప్పుడు ఇంటికి రా, చెయ్యేం ఖర్మ, అన్నం పెడతా. అందాకా ఆ పళ్ళెం ఇంకెవరికన్నా ఇవ్వు. నీ చేతిలోంచి రొట్టె ఈ సంఘంలో ఎవరూ తినకూడదు."

లాజరు పళ్ళెం బల్లమీద పెట్టాడు. మీది గుడ్డ సరిచేశాడు, ఎక్కడా మడత లేకుండా. ఆయన ఏడుస్తాడని అందరూ అనుకున్నారు. ఏడవలేదు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బస్తా దించబోయే కూలివాడిలా ఒకసారి ఊపిరి పీల్చాడు.

"ఎక్కుతా" అన్నాడు. "మంగళారం నీతోపాటే బస్సెక్కుతా. ఇంక దాయను. దాచే ఓపిక లేదు నాకు. కానీ శౌరీ, బోనెక్కినాక సగం చెప్పి సగం మింగటానికి లేదు. సంఘం కోసం ఆపానని ఇందాక అన్నా చూడు, అది సగమే."

"మిగతా సగమేంటి?"

"వాళ్ళు అడుగుతారు. ఆ స్టాండు ముందు ఎవరెత్తారని అడుగుతారు. అది కూడా చెప్పమంటావా?"

"వద్దు బాబాయ్!"

అరిచింది ఆమోసు. మోకాళ్ళమీంచి లేచి, బల్లను తోసుకుంటూ వచ్చి లాజరు రెండు భుజాలూ పట్టుకున్నాడు. "వద్దు. నేను కొట్టా, నేనే చంపా, అంతే రాయించు. జైలుకి పోతా, ఎన్నేళ్ళైనా ఉంటా. అదొక్కటీ వద్దు బాబాయ్. పిన్ని ముందు అసలొద్దు."

ఎవరెత్తారు అని అడగబోయి శౌరమ్మ చుట్టూ చూసింది. రాహేలమ్మ ఒళ్ళోని చేతులను చూసుకుంటోంది. మరియదాసు కిటికీలోంచి కాలవను చూస్తున్నాడు. స్టెల్లా బిడ్డ తలమీదికి ముఖం వంచుకుంది. కొత్తగా వచ్చిన అయ్యగారు తప్ప, ఆ మందిరంలో ఒక్కరు కూడా ఆమె కళ్ళలోకి చూడటంలేదు.